కొత్త భాషలో రాస్తే బ్రౌజరు వేగం పెరుగుతుందా?

"అన్నా, ఆ బ్రౌజరు రస్ట్‌లో రాసిందంట. దాన్ని వేసుకుంటే పేజీలు టక్కున తెరుచుకుంటాయంట." కంప్యూటర్లంటే ఆసక్తి ఉన్న మన తమ్ముళ్ల నోట తరచుగా వినిపించే మాట ఇది. బెంగుళూరు, హైదరాబాదులలో ఉద్యోగాలు చేస్తున్న సీనియర్లు ఫోన్లో చెప్పినదీ, వీడియోలలో చూసినదీ కలిసి ఇదొక నమ్మకంగా మారిపోయింది. మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఎంతవరకు నిజమో విడదీసి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది ఊసుపోని చర్చ కాదు మిత్రులారా. మనలో చాలామంది చేతుల్లో ఉన్నవి 2 జి.బి. ర్యామ్ ఉన్న పాత ఫోన్లు. పరీక్షా ఫలితాలు, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, అడ్మిషన్ కౌన్సెలింగ్ అన్నీ బ్రౌజరులోనే. ఆఖరి తేదీ రాత్రి పేజీ తెరుచుకోకపోతే ఏడాది పోతుంది. ఆ ఆత్రంలో ఎవరు ఏ యాప్ వేసుకోమంటే అది వేసుకుంటాం. ఇక రెండోది డబ్బు సంగతి. "కొత్త భాష వచ్చింది, దీనిదే భవిష్యత్తు" అని ఎవరైనా కోర్సు పేరుతో వేల రూపాయలు అడిగితే, అవి మిరప కోతలకు వలస వెళ్లిన అమ్మానాన్నలు పంపిన డబ్బులు. అందుచేత అడిగి తెలుసుకునే హక్కు మనకు మిగతావాళ్లకంటే కొంచెం ఎక్కువే ఉంది.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. "బ్రౌజరు భాష" అన్నప్పుడు రెండు వేర్వేరు విషయాలను మనం ఒకటిగా కలిపేస్తున్నాం. ఒకటి, బ్రౌజరు అనే ప్రోగ్రామును రాయడానికి వాడిన భాష. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ప్రధానంగా సీ ప్లస్ ప్లస్‌లో రాసినవే. రెండోది, పేజీ లోపల నడిచే భాష, అనగా జావాస్క్రిప్ట్. దీన్ని 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశాడు. సినిమా హాలు కట్టిన ఇటుక వేరు, అందులో ఆడే సినిమా వేరు. ఎవరైనా "కొత్త భాష వల్ల బ్రౌజరు వేగం పెరిగింది" అంటే, ఈ రెండింటిలో దేని గురించి అంటున్నారో మొదట అడగాలి.

పేజీ ఆలస్యం ఎక్కడ జరుగుతుంది?

మనం ఒక చిరునామా కొట్టగానే బ్రౌజరు మొదట ఆ పేరుకు సంబంధించిన సర్వరు నంబరును వెతుకుతుంది. తర్వాత ఆ సర్వరుతో కనెక్షన్ కలుపుకొని పేజీని తెప్పిస్తుంది. వచ్చిన హెచ్.టి.ఎమ్.ఎల్.ను చదివి, పేజీలో ఏయే భాగాలు ఉన్నాయో ఒక చెట్టులాగా అమర్చుకుంటుంది. సి.ఎస్.ఎస్. నియమాలు చూసి ఏ భాగానికి ఏ రంగు, ఏ సైజు అని లెక్క కడుతుంది. దానికి స్టైల్ లెక్క అని పేరు పెట్టుకుందాం. ఆ తర్వాత ఏది ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించి, అక్షరాలను, బొమ్మలను తెర మీద గీస్తుంది. ఈ మధ్యలో జావాస్క్రిప్ట్ వచ్చి జరిగిన పనిని కదిలిస్తూ ఉంటుంది. పేజీ ఆలస్యమైందంటే ఈ వరుసలో ఎక్కడో ఒకచోట ఆగిందన్నమాట.

పత్తి సీజనులో ఆదోని మార్కెట్ యార్డు వైపు వెళ్లినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ట్రాక్టర్లు, బండ్లు బారులు తీరి ఉంటాయి. లోపలికి పోవాలి, సరుకు దించాలి, ధర తేలాలి, తూకం పడాలి, తర్వాత జిన్నింగ్ మిల్లుకు చేరాలి. అక్కడ గింజ వేరు, దూది వేరు అవుతాయి. ఇప్పుడు ఒక మిల్లు యజమాని పాత యంత్రం తీసేసి రెండింతల వేగమున్న కొత్త యంత్రం బిగించాడనుకుందాం. తూకం దగ్గర బండి నాలుగు గంటలు నిలబడితే, ఆ యంత్రం రైతుకు ఏం మిగిల్చింది? మిల్లు ముందర యంత్రం సరుకు కోసం ఎదురు చూస్తుంది, అంతే. రైతు ఇంటికి చేరే వేళలో తేడా రాదు.

దీన్నే కంప్యూటర్ శాస్త్రంలో ఆమ్‌డాల్ సూత్రం అంటారు. జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజనీరు 1967లో చెప్పిన వాదన ఇది. ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. పేజీ తెరుచుకోవడానికి మొత్తం 10 సెకన్లు పట్టింది. అందులో నెట్‌వర్క్‌కు 5, జావాస్క్రిప్ట్‌కు 3, స్టైల్ లెక్కకు 1, అమరికకూ గీతకూ కలిపి 1 సెకను. మనం స్టైల్ లెక్కను నాలుగింతలు వేగంగా చేశాం. 1 సెకను కాస్తా పావు సెకను అయింది. మొత్తం 9.25 సెకన్లు. నాలుగింతలు అని పత్రికల్లో రాస్తే గొప్పగా ఉంటుంది. ఫోను పట్టుకున్న మనిషికి మాత్రం తేడా తెలియదు. ఆ స్టైల్ లెక్కను ఏకంగా సున్నా చేసినా 9 సెకన్లకు తగ్గదు.

భాష మారితే యంత్రం మారుతుందా?

రస్ట్ అనే భాషను గ్రేడన్ హోర్ 2006లో తన సొంత ప్రయత్నంగా మొదలుపెట్టాడు. 2009లో మొజిల్లా సంస్థ దాన్ని చేరదీసింది. 2015 మే 15న 1.0 వెర్షన్ విడుదలయింది. సీ ప్లస్ ప్లస్ లాగానే ఇది కూడా ముందుగా కంపైల్ అయ్యే భాష. మనం రాసింది ప్రాసెసర్‌కు అర్థమయ్యే సూచనలుగా మారి, ఆ సూచనలే నడుస్తాయి.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. రస్ట్ కంపైలర్ చివరి మెట్టులో ఆ సూచనలను తయారుచేసేది ఎల్.ఎల్.వి.ఎం. అనే వ్యవస్థ. సీ ప్లస్ ప్లస్‌లో ఉన్న క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ప్రోగ్రాములను కంపైల్ చేసే క్లాంగ్ వెనుక ఉన్నది కూడా అదే ఎల్.ఎల్.వి.ఎం. అంటే రెండు దారులూ చివరకు ఒకే మిల్లుకు చేరుతున్నాయి. ఒకే లెక్కను ఇద్దరు మంచి ప్రోగ్రామర్లు ఈ రెండు భాషల్లో రాస్తే, వేగంలో తేడా సాధారణంగా స్వల్పమే. పైగా రస్ట్, జాబితా హద్దు దాటి చదవకుండా అవసరమైన చోట్ల అదనంగా సరిచూసుకుంటుంది. దానికీ కాస్త సమయం పడుతుంది. కాబట్టి "రస్ట్‌లో రాశారు, అందుకే వేగం" అనే వాక్యంలో "అందుకే" అన్న మాట నిలవదు.

చరిత్ర చూసినా అంతే. 1995లో సన్ కంపెనీ జావా భాషను తెచ్చినప్పుడు, ఆ భాష గొప్పతనం చూపించడానికి హాట్‌జావా అనే బ్రౌజరును జావాలోనే రాసింది. భాష కొత్తది, ఆర్భాటం పెద్దది, బ్రౌజరు మాత్రం నెమ్మది. జనం దాన్ని వాడలేదు. నెట్‌స్కేప్ కూడా పూర్తిగా జావాలో ఒక బ్రౌజరు రాస్తానని 1997లో చెప్పి, 1998లో ఆ పని ఆపేసింది.

పేజీలో నడిచే భాష సంగతి ఇంకా విచిత్రం. జావాస్క్రిప్ట్ నెమ్మదైన భాష అని అందరూ తిట్టుకునే రోజుల్లో, 2008 సెప్టెంబరులో గూగుల్ క్రోమ్ వచ్చింది. దానిలోని వీ8 ఇంజను జావాస్క్రిప్ట్‌ను నేరుగా ప్రాసెసర్ సూచనలుగా మార్చి నడిపింది. భాషలో ఒక్క అక్షరం మారలేదు, పేజీల వేగం మాత్రం మారిపోయింది. ఆ ఇంజనును తీర్చిదిద్దిన బృందానికి నాయకుడు లార్స్ బాక్. అదే లార్స్ బాక్, కాస్పర్ లుండ్‌తో కలిసి 2011లో డార్ట్ అనే కొత్త భాషను తెచ్చాడు. జావాస్క్రిప్ట్ స్థానంలో డార్ట్ వస్తే పేజీలు ఇంకా వేగంగా నడుస్తాయన్నారు. మిగతా బ్రౌజర్లు ఒప్పుకోలేదు. చివరకు 2015 మార్చిలో, డార్ట్‌ను క్రోమ్‌లో పెట్టే ఆలోచనను గూగులే మానుకుంది. డార్ట్ చచ్చిపోలేదు. ఇప్పుడు ఫ్లట్టర్‌తో ఫోన్ యాప్‌లు రాయడానికి బాగా ఉపయోగపడుతోంది. కానీ బ్రౌజరు వేగం గురించి చెప్పిన మాట నెరవేరలేదు. పాత భాషను వేగంగా నడిపి గెలిచినవాడే, కొత్త భాష తెచ్చి అదే చోట గెలవలేకపోయాడు. నాకైతే ఈ మొత్తం కథలో బాగా నచ్చిన ఘట్టం ఇదే.

2017 నాటికి నాలుగు పెద్ద బ్రౌజర్లలోకి వెబ్ అసెంబ్లీ అనేది వచ్చింది. సీ ప్లస్ ప్లస్, రస్ట్ వంటి భాషల్లో రాసిన ప్రోగ్రాములు దాని ద్వారా బ్రౌజరు లోపల నడుస్తాయి. ఆటలకు, వీడియో ఎడిటింగుకు, పెద్ద లెక్కలకు అది మంచి సాయం. మన మార్కుల జాబితా పేజీకి దానితో పనిలేదు.

ఇప్పుడు వ్యతిరేక ఉదాహరణ ఒకటి. బటన్ల ఫోన్లు వాడిన అన్నలకు ఒపేరా మినీ గుర్తుండే ఉంటుంది. 2006 జనవరిలో ప్రపంచమంతటా విడుదలయింది. ఆ ఫోన్లలో అది నడిచింది జావాలో, అంటే హాట్‌జావాను ముంచిన అదే "నెమ్మది" భాషలో. అయినా 2జి సిగ్నల్ మీద దానిని మించిన వేగం మరో బ్రౌజరుకు దొరకడం కష్టమయ్యేది. కారణం ఏమిటి? పేజీని ముందు ఒపేరా వారి సర్వరే తెరిచి, బొమ్మలను కుదించి, అవసరం లేనిది తీసేసి, చిన్న మూట కట్టి ఫోనుకు పంపేది. డేటాను 90 శాతం వరకు తగ్గించగలమని ఆ కంపెనీ చెప్పుకునేది. పనిని ఎక్కడ చేయాలి అన్న ప్రశ్నకు మంచి జవాబు దొరికితే, భాష ఏదైనా ఫలితం కనిపిస్తుందని ఇది చూపుతుంది. దానికి ఒక ఖరీదు కూడా ఉంది. మనం చూసే పేజీ మధ్యలో మరొకరి సర్వరు గుండా పోయేది. బ్యాంకు పనికి అలాంటి దారి మంచిది కాదు.

అయితే ఫైర్‌ఫాక్స్ వేగం పెరగలేదా?

పెరిగింది. అనుమానించేవాడు ఎదుటివారి బలమైన సాక్ష్యాన్ని దాచకూడదు కాబట్టి దాన్ని వివరంగా చెబుతాను.

2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది. దానికి క్వాంటమ్ అని పేరు పెట్టారు. ఆరు నెలల కిందటి ఫైర్‌ఫాక్స్‌తో పోలిస్తే రెండింతల వేగం అని మొజిల్లా ప్రకటించింది. అందులో స్టైల్ లెక్క కట్టే భాగాన్ని పూర్తిగా తీసేసి, రస్ట్‌లో రాసిన కొత్త భాగాన్ని పెట్టారు. సర్వో అనే ప్రయోగాత్మక బ్రౌజరు ఇంజను నుంచి తెచ్చిన భాగం అది. ఇక్కడినుంచే "రస్ట్ వల్ల రెండింతల వేగం" అనే మాట పుట్టింది.

కానీ ఆ వెర్షనులో జరిగిన పనులను వేరువేరుగా చూడండి. బ్రౌజరును అనేక ప్రాసెస్‌లుగా విడగొట్టే పని అంతకు ముందే మొదలై ఆ ఏడాది ఊపందుకుంది. ఎక్కడెక్కడ తడబడుతోందో కొలిచి, వందల కొద్దీ చిన్న లోపాలను ఇంజనీర్లు ఒక్కొక్కటిగా సరిచేశారు. పాత పద్ధతి యాడ్-ఆన్‌లను తొలగించారు. జావాస్క్రిప్ట్ ఇంజను మాత్రం అప్పుడూ ఇప్పుడూ సీ ప్లస్ ప్లస్‌లోనే ఉంది. కొత్త స్టైల్ భాగంలో కూడా కొన్ని ఉపాయాలు ఇతర బ్రౌజర్ల నుంచి, పాత ఫైర్‌ఫాక్స్ నుంచి తీసుకున్నవే. ఒకే రకంగా ఉన్న రెండు పేరాలకు రెండుసార్లు లెక్క కట్టకుండా ఒకసారి వచ్చిన జవాబునే వాడుకోవడం అటువంటి ఒక ఉపాయం. అది ఏ భాషలోనైనా రాయవచ్చు.

మరి రస్ట్ వంతు ఏమీ లేదా అంటే, ఉంది. అది చాలా పెద్దది కూడా. స్టైల్ లెక్కను ఒకే ప్రాసెసర్ కోర్ మీద కాకుండా, ఉన్న కోర్‌లన్నింటికీ పంచాలని మొజిల్లా ఇంజనీర్లు అంతకు ముందు సీ ప్లస్ ప్లస్‌లోనే రెండుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లూ విఫలమయ్యారు. మూడోసారి రస్ట్‌లో సాధించారు. ఎందుకో అర్థం కావాలంటే మన హాస్టల్ సరుకుల రిజిస్టరును తీసుకుందాం. దాన్ని పదిమంది ఒకేసారి చదివితే నష్టం లేదు. ఇద్దరు ఒకేసారి రాస్తే మాత్రం బియ్యం లెక్క పప్పు గడిలో పడుతుంది. ఒకరు రాస్తుండగా మరొకరు చదివినా సగం కొట్టేసిన అంకెను చదువుతారు. అనేక కోర్‌లు కలిసి పనిచేసేటప్పుడు కంప్యూటర్ మెమరీలో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఈ తప్పు రోజూ కనిపించదు, వెయ్యిసార్లకు ఒకసారి కనిపించి మాయమవుతుంది. పట్టుకోవడం మహా కష్టం.

రస్ట్ నియమం ఏమిటంటే, ఒక వస్తువును ఎంతమందైనా చదవవచ్చు, లేదా ఒక్కరే రాయవచ్చు. రెండూ ఒకేసారి కుదరవు. ఈ నియమం తప్పినట్టు కనిపిస్తే ప్రోగ్రాము కంపైల్ కాదు. నడిచాక దొరికే దొంగ కాదు, గడప దగ్గరే ఆగిపోతాడు. ఆ ధీమా ఉంది కాబట్టే పనిని నాలుగు కోర్‌లకు పంచే సాహసం చేయగలిగారు. వేగం వచ్చింది పని పంచడం వల్ల. పంచడానికి ధైర్యం ఇచ్చింది భాష. ఈ రెండు వాక్యాలను కలిపేసి "భాష వల్ల వేగం" అంటే మధ్యలో ఉన్న అసలు సంగతి మాయమైపోతుంది. ఒకే కోర్ ఉన్న పాత కంప్యూటర్ మీద ఈ పంపకం ఎవరికి పంచాలి?

ఎమ్మిగనూరు పిల్లలకు మగ్గం సంగతి నేను చెప్పనక్కరలేదు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు అది. నాడెను చేత్తో ఇటునుంచి అటు విసిరే రోజులు పోయి, తాడు లాగితే నాడె దానంతట అదే పరుగెత్తే ఏర్పాటు వచ్చింది. ఇంగ్లండులో జాన్ కే 1733లో దానికి పేటెంటు తీసుకున్నాడు. నేత వేగం అమాంతం పెరిగింది. పెరిగాక ఏమయింది? నూలు వడికేవాళ్లు అందించలేకపోయారు. మగ్గం ఖాళీగా నూలు కోసం ఎదురు చూసింది. 1760లలో వడికే యంత్రం వచ్చేదాకా ఆ కొరత తీరలేదు. మన ఇళ్లలో కూడా మగ్గం మీద కూర్చున్న నాన్న చేయి ఎంత చురుకైనా, అమ్మ కండెలు చుట్టి ఇవ్వాలి, పడుగు సిద్ధం కావాలి, గంజి పెట్టి ఆరబెట్టాలి. వాన పడిన రోజు గంజి పెట్టిన పడుగు ఆరదు. ఆ రోజు నాడె ఎంత వేగమైనదైనా చీర దిగదు. బ్రౌజరులో మంచి భాష మంచి నాడె వంటిదే. పేజీలో నూలు ఏదో, గంజి ఏదో కూడా చూసుకోవాలి.

వేగం కాదు, భద్రత

రస్ట్‌ను ఫైర్‌ఫాక్స్‌లో మొట్టమొదట ఎక్కడ పెట్టారో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2016 ఆగస్టులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 48లో, వీడియో ఫైలు మొదట్లో ఉండే వివరాలను చదివే చిన్న భాగంలో. అది వేగం కోసం చేసిన పని కాదు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు పంపిన ఫైలును నమ్మకుండా చదవాలి. అటువంటి చోటే దొంగలు దూరుతారు.

ఎలా దూరుతారో చెబుతాను. హాస్టల్ వదిలి వెళ్లిన విద్యార్థి తన పెట్టె తాళంచెవి తిరిగి ఇవ్వలేదనుకోండి. ఆ పెట్టెను వార్డెన్ గారు కొత్త విద్యార్థికి ఇచ్చారు. పాతవాడు ఎప్పుడో వచ్చి, ఇంకా తనదే అనుకొని తెరిస్తే లోపల ఉన్నవి ఇంకొకరి సర్టిఫికెట్లు. మెమరీలో కూడా అంతే. ఒక భాగం వాడి వదిలేసిన చోటును, చిరునామా దగ్గర పెట్టుకొని మళ్లీ తెరిస్తే ఈ ప్రమాదం వస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో ఆ చెవిని తిరిగి తీసుకునే బాధ్యత ప్రోగ్రామర్‌ది. రస్ట్‌లో కంపైలర్‌ది. క్రోమ్‌లోని తీవ్రమైన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఇటువంటి మెమరీ తప్పులేనని ఆ బృందం 2020లో చెప్పింది. ఫైర్‌ఫాక్స్ స్టైల్ భాగం పుట్టినప్పటినుంచి బయటపడిన 69 భద్రతా లోపాలను లెక్కబెట్టి, మొదటినుంచీ రస్ట్‌లో రాసి ఉంటే అందులో 51 అసలు పుట్టేవే కావని మొజిల్లా 2019లో తేల్చింది. మిగిలిన 18 రస్ట్‌లోనూ పుట్టేవే అన్నమాట కూడా అందులోనే ఉంది.

ఇది ఎక్కడో అమెరికా వాళ్ల గొడవ అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఒక తెలుగు అక్షరాన్ని చూసి భయపడింది. జ కింద ఞ వత్తు, దానికి దీర్ఘం. "జ్ఞానం" అనే మాటలో మొదటి అక్షరం. మధ్యలో కంటికి కనిపించని ఒక విరామ గుర్తు చేర్చి ఆ అక్షరాన్ని ఐఫోనుకు పంపితే, దాన్ని చూపబోయిన యాప్ కుప్పకూలేది. ఆకతాయిలు దాన్ని సందేశాలలో పంపి ఆడుకున్నారు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐ.ఓ.ఎస్. 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అది మెమరీ చెడిపోయే తప్పు అని తన ప్రకటనలో రాసింది. లోపం అక్షరాలను అమర్చే వాళ్ల ప్రోగ్రాములో ఉంది. మన అక్షరం ఏ పాపమూ చేయలేదు. ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ పోతే సరిపోతుంది. తెలుగులో వత్తు కిందికి పోవాలి, గుణింతం పైకి పోవాలి, రెండూ కలిస్తే ఆకారమే మారాలి. పని ఎక్కువ ఉన్నచోట తప్పుకు అవకాశం కూడా ఎక్కువ. అందువల్ల అక్షరాలు గీసే భాగం గట్టిగా ఉండడం ఇంగ్లీషు వాళ్లకంటే మనకే ఎక్కువ అవసరం.

ఆ పని ఇప్పుడు జరుగుతోంది. పేజీలతో పాటు వచ్చే ఫాంట్లను చదవడానికి క్రోమ్‌లో ఏళ్లుగా ఉన్న ఫ్రీటైప్ అనే సీ భాషా భాగం స్థానంలో, రస్ట్‌లో రాసిన స్క్రిఫాను పెడుతున్నట్టు గూగుల్ 2025 మార్చిలో వివరించింది. ముఖ్య కారణంగా చెప్పింది భద్రతనే. క్రోమ్ బృందం వేగం పేరు చెప్పి రస్ట్‌ను అమ్మడం లేదు. మన దగ్గరే ఆ ప్రచారం ఎక్కువ.

హాస్టల్లోనే కొలిచి చూడవచ్చు

ఎవరి మాటా నమ్మనక్కరలేదు. కంప్యూటర్లో క్రోమ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ తెరిచి ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ అనే భాగంలోకి వెళ్లి, మీరు రోజూ విసుక్కునే పేజీని తెరవండి. ఏ ఫైలు ఎంత సైజు, ఎంతసేపు పట్టింది అన్నీ గీతల రూపంలో కనబడతాయి. తర్వాత పర్‌ఫార్మెన్స్ భాగంలో జావాస్క్రిప్ట్ ఎంత తిన్నది, స్టైల్ లెక్క ఎంత, గీత ఎంత అని చూడవచ్చు. ఒకసారి చూసి తీర్పు చెప్పవద్దు. రెండోసారి తెరిస్తే దాచుకున్న ఫైళ్ల వల్ల పేజీ వేగంగా వస్తుంది. ఆ పరుగు కొత్త బ్రౌజరుది అనుకుంటే మోసపోతాం. రెండు బ్రౌజర్లను పోల్చేటప్పుడు రెండింటిలోనూ దాచిన ఫైళ్లు తుడిచి, అదే కంప్యూటర్ మీద, అదే వేళలో, కనీసం ఐదుసార్లు చొప్పున కొలవండి. ఉదయం ఐదు గంటలకు ఒకటి, రాత్రి అందరూ ఫోన్లు పట్టుకున్నాక మరొకటి కొలిస్తే మీరు కొలిచింది టవరును, బ్రౌజరును కాదు.

ఇలా చూస్తే చాలా పేజీల్లో అసలు దోషులు దొరుకుతారు. కుదించకుండా పెట్టిన పెద్ద పెద్ద ఫోటోలు, ప్రకటనల స్క్రిప్టులు, దూరంలో ఉన్న సర్వరు. ఫలితాల రోజు అయితే ఒకే సర్వరు మీద లక్షలమంది పడతారు. అప్పుడు మీ ఫోనులో ఏ బ్రౌజరు ఉన్నా చక్రం తిరుగుతూనే ఉంటుంది. ర్యామ్ తక్కువ ఉన్న ఫోనులో మిగతా యాప్‌లు మూసేయడం, అక్కరలేని ట్యాబులు తీసేయడం, ఖాళీ చోటు ఉంచడం, ఉన్న బ్రౌజరునే ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవడం, ఇవి కొత్త బ్రౌజరు వెతకడం కంటే ముందు చేయవలసినవి. "సూపర్ ఫాస్ట్" అని పేరు పెట్టుకున్న ఊరూ పేరూ లేని యాప్‌లో స్కాలర్‌షిప్పు పాస్‌వర్డు కొట్టడం కంటే పది సెకన్లు ఆగడం మేలు.

ఇక రస్ట్ నేర్చుకోవాలా అని అడిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా అభిప్రాయం చెబుతాను. నేర్చుకోండి, కానీ బ్రౌజరు పరుగెత్తుతుందనే ఆశతో కాదు. మెమరీ అంటే ఏమిటో, ఒక వస్తువుకు యజమాని ఎవరో అంత శ్రద్ధగా అడిగే భాషలు తక్కువ. ముందు సీ భాషలో పాయింటర్లు కొంచెం అర్థమైతే, రస్ట్ ఎందుకు అన్ని ప్రశ్నలు అడుగుతుందో తెలుస్తుంది. ఉద్యోగాల సంఖ్యలో చూస్తే జావాకూ, పైథాన్‌కూ, జావాస్క్రిప్ట్‌కూ ఉన్న గిరాకీ ఇంకా దీనికి లేదు. ఇల్లు గడవాల్సిన తొందర ఉన్నవారు ఆ మూడింటిలో ఒకటి ముందు పట్టుకోవడం మంచిది. దేనికైనా వేల రూపాయలు కట్టనక్కరలేదు. రస్ట్ కంపైలర్ ఉచితం. ఆ భాష మీద స్టీవ్ క్లాబ్నిక్, క్యారల్ నికల్స్ రాసిన పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చొని చదివితే సులువు.

ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా ప్రయత్నించాలంటే రస్ట్ ప్లేగ్రౌండ్ అనే పేజీ ఉంది. అందులో ఒక జాబితాను తయారుచేసి దానికి ఒక పేరు పెట్టండి. ఆ జాబితాను రెండో పేరుకు ఇచ్చేయండి. తర్వాత మొదటి పేరుతో దాన్ని అచ్చు వేయమని అడగండి. కంపైలర్ ఒప్పుకోదు. జాబితా ఏ వరుసలో చేతులు మారిందో, ఏ వరుసలో మీరు పాత తాళంచెవితో పెట్టె తెరవబోయారో గీత గీసి చూపిస్తుంది.